గాలిమోటారు కల్లం

రెండో ప్రపంచయుద్ధంలో తుమ్మలబోడు విమానాశ్రయం మీద ఒక్క బాంబు కూడా పడలేదు. పడవలసిందేదో డెబ్భై ఎనభై ఏళ్లు ఆగి, తీరిగ్గా, మన ప్రభుత్వం వారి చేతుల మీదుగానే పడింది.

ముందు ఆ విమానాశ్రయం సంగతి చెప్పుకోవాలి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో తెల్లదొరలు తుమ్మలబోడు వచ్చి, ఊరికి పడమటగా ఉన్న చదునైన మెట్ట చేలు చూసి ముచ్చటపడ్డారు. శత్రువు సముద్రం దాటి వస్తాడనీ, వాణ్ని ఆకాశంలోనే అడ్డుకునే యుద్ధవిమానాలు దిగడానికి ఈ నేలే అనువైనదనీ తేల్చారు. చేలు తీసుకున్నారు. యుద్ధం అయిపోగానే ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తామన్నారు. మైలు పొడుగున కాంక్రీటు పరిచారు. నాలుగు విమానాలు వచ్చాయి. వాటిని నడిపే కుర్రదొరలు రెక్కల నీడలో కూర్చుని పేకాడుతూ, చెమటకాయలు గోక్కుంటూ శత్రువు కోసం ఎదురుచూశారు. శత్రువుకు తుమ్మలబోడు దారి తెలియలేదు. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి, కాంక్రీటు మిగిలింది. చేలు తిరిగి ఇచ్చే సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

విమానాన్ని ఆ రోజుల్లో గాలిమోటారు అనేవాళ్లు కాబట్టి ఆ చోటుకు గాలిమోటారు బీడు అని పేరు పడింది. పేరుకే బీడు. మిరపకోతలు మొదలైతే ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎర్రగా ఉంటుంది. నల్లరేగడి మీద కాయ పోస్తే కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది, మన్ను అంటుకుంటుంది, మిర్చి యార్డులో వ్యాపారి ఒక కాయ విరిచి వాసన చూసి మొహం తిప్పుకుంటాడు. కాంక్రీటు మీద పోస్తే కింద వేడి, పైన ఎండ. వారం పది రోజుల్లో కాయ గలగలలాడుతుంది. యుద్ధం వల్ల తుమ్మలబోడుకు జరిగిన మేలు ఇదొక్కటే. ఊరు దాన్ని మూడు తరాలుగా అనుభవిస్తోంది.

ఆ బీడులో ఉత్తరపు కొస అంకమ్మది. అక్కడ ఇంకెవరూ కాయ పొయ్యరు. ఎందుకంటే ఆ కాంక్రీటు కింద ఉన్నది ఆమె అత్తగారింటి చేను. అత్త నాంచారమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడే చేను యుద్ధానికి పోయింది. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. నేల తీసుకున్నారు గాని ఎండను తీసుకోలేదుగా అని, పచ్చి ఆరని కొత్త కాంక్రీటు మీద గంపెడు మిరపకాయలు తెచ్చి పోసింది. అదే సమయానికి ఒక విమానం పంకా తిరిగింది. కారపు దుమ్ము లేచి కుర్రదొరలంతా తుమ్ములతో, దగ్గులతో నేల మీద దొర్లారు. వాళ్ల కెప్టెను కళ్లు తుడుచుకుంటూ వచ్చి నాంచారమ్మను బెత్తంతో కొట్టాడు. ముంజేతి మీద ఆ దెబ్బ తాలూకు మచ్చ ఆవిడ చనిపోయేదాకా ఉంది. అన్నం తినేటప్పుడు కూడా అది చూపించి దొరల వంశాన్ని మొత్తం తిట్టేది. అంకమ్మ ఆ కథ ఎన్నిసార్లు విన్నదో చెప్పలేం. అత్తాకోడళ్లకు పడని విషయాలు చాలా ఉండేవి గాని, ఆ మచ్చ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక పక్షమే.

అలా సాగుతుండగా ఒక ఏడు ప్రభుత్వం వారికి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. జిల్లాకొక యుద్ధం ఉండితీరాలని ఉత్తర్వు వచ్చింది. పక్క జిల్లాలకు కోటలున్నాయి, రణభూములున్నాయి, కనీసం ఎవరో ఒక జమీందారు ఇంకో జమీందారు మీదికి ఏనుగును తోలిన చోటన్నా ఉంది. ఈ జిల్లాకు ఏమీ లేదు. వెతకగా వెతకగా గాలిమోటారు బీడు దొరికింది. దాని బాధ్యత పూర్వ వైభవ పునరుద్ధరణ మండలి సహాయ సంచాలకులు చిదానందం గారి మీద పడింది.

చిదానందం గారు మంచివారు. గడిచిపోయిన దేన్ని చూసినా ఆయనకు కళ్లు చెమర్చేవి, ఎదురుగా ఉన్నదాన్ని చూస్తే విసుగొచ్చేది. జీపు దిగి బీడంతా ఒకసారి కలియజూసి ఊరివాళ్లను పిలిపించి నిబంధన చదివారు.

“సదరు కట్టడం ఇకపై యుద్ధకాల యథాస్థితిలో ఉండవలెను. యుద్ధకాలంలో లేని వస్తువేదీ దానిపై ఉండరాదు. యుద్ధకాలంలో ఉన్న వస్తువేదీ లేకపోరాదు.”

ముందు తుమ్మచెట్లు కొట్టించారు. మేకల్ని తోలించారు. యుద్ధకాలంలో మేకలున్నాయని ఒక ముసలాయన వాదించాడు గాని, అవి ఈ మేకలే అనడానికి ఆధారం చూపలేకపోయాడు. తరవాత చిదానందం గారి చూపు మిరపకాయల మీద పడింది. సాయంత్రానికల్లా ఎత్తేయమన్నారు.

అంకమ్మ అంతకుముందు రోజే రెండో కోత తెచ్చి పోసింది. కౌలు చేను, ఏడాది కష్టం మొత్తం పచ్చిగా నేల మీద పరిచి ఉంది. ఆ తడికాయ బస్తాలకెత్తితే తెల్లారేసరికి బూజు పడుతుంది. మొగుడు పిచ్చయ్య తుండుగుడ్డ భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అధికారి ఎదట ఆయన చేసే పని అదొక్కటే. ఇక మాట్లాడవలసింది అంకమ్మే.

“యుద్ధంలో కూడా ఇయ్యి ఈడే ఉన్నయ్యి సారూ,” అంది.

ఇందులో అబద్ధం లేదు. ఇక్కడితో ఆపి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కాని చిదానందం గారు కళ్లజోడు సవరించుకుని, ఎవరు పోయించారమ్మా అని అడిగారు.

“దొరే పొయ్యమన్నాడంట మా అత్తని.”

ఎందుకని అడిగారాయన. అంకమ్మ నోటికి ఏమొచ్చిందో అది చెప్పింది. పైనించి చూసిన శత్రువుకు ఇది విమానాలు దిగే చోటని తెలియకూడదని, ఎవరిదో కల్లం కాబోలు అనుకుని దాటిపోవాలని, అందుకే కాయలు పరిపించారంట అంది.

చిదానందం గారు కాంక్రీటు మీద అలాగే చతికిలబడ్డారు. ఆయన ముఖంలో వెలుగు చూసి పిచ్చయ్యకు వడదెబ్బేమో అని భయం వేసింది. “అందుకే ఒక్క బాంబూ పడలేదన్నమాట,” అన్నారాయన నెమ్మదిగా. ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి. బాంబులు పడి ఉంటే వ్యూహం విఫలమైనట్టు, పడలేదు కాబట్టి ఫలించినట్టు. రక్తవర్ణ ప్రచ్ఛాదన వ్యూహం అని అక్కడికక్కడే దానికి పేరు పెట్టారు. మిరపకాయలు ఎత్తే పని లేదన్నారు. ఊరంతా అంకమ్మ తెలివికి ముక్కున వేలేసుకుంది. ఆ రాత్రి ఆమె కడుపు నిండా తిని పడుకుంది.

మంత్రిగారు ఆ బీడును ప్రారంభించడానికి వస్తారన్న కబురు అప్పటికే ఉండడంతో మండలి ఎన్నడూ లేనంత చురుగ్గా కదిలింది. మూడో రోజుకల్లా కొత్త బోర్డు, నలుగురు కాపలాదారులు వచ్చారు. మిరపకాయలు యుద్ధకాలపు రక్షణ సామగ్రి అని తేలింది కాబట్టి ఇక వాటిని ఎవరూ ముట్టుకోరాదు.

అంకమ్మ కాయ తిరగెయ్యడానికి వెళితే కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు. తిరగేస్తే చారిత్రక అమరిక చెదురుతుందట. పొద్దుగూకాక మంచు పడకుండా పట్టా కప్పబోతే అదీ కుదరదన్నాడు. యుద్ధకాలంలో ప్లాస్టిక్ పట్టాలు లేవు. పోనీ ఎండిన కాడికి ఎత్తుకుపోతానంటే, రక్షణ సామగ్రి అపహరణ కింద కేసవుతుందన్నాడు. అతనూ రైతుబిడ్డే, ఆ మాట చెబుతున్నప్పుడు తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.

తరవాత నగరం నుంచి నిపుణుడొకరు వచ్చి డ్రోను ఎగరేశారు. శత్రువు కళ్లతో చూశానని, దక్షిణం వైపు ఎరుపు పలచగా ఉందని, అక్కడ బాంబు పడే అవకాశం ఉందని నివేదిక ఇచ్చారు. దాంతో ఊళ్లో మిగిలిన వాళ్ల కల్లాల్లో ఉన్న కాయ కూడా దేశరక్షణ నిమిత్తం తెప్పించి పోయించారు. ఇక ఊరు ఊరుకుంటుందా? టీకొట్టు దగ్గర పిచ్చయ్య కనిపిస్తే చాలు, మీ ఆవిడ నోరుందే అని మొదలుపెట్టేవాళ్లు. ఆయన తుండుగుడ్డ తలమీద కప్పుకుని దొడ్డిదారిన ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“కాయలమ్ముకోమంటే చరిత్ర అమ్మావు గదే. ఇప్పుడది ఎవుడు వెనక్కి తీసుకుంటాడు?”

కాయ ఎండిపోయి, ఇక ఎండకు తట్టుకోలేక రంగు దిగుతోంది. ఎర్రగా నిగనిగలాడిన కాయల మీద, తొడిమల దగ్గర, తెల్లని చారలు కనిపిస్తున్నాయి. పైగా తూర్పున మబ్బు పట్టడం మొదలైంది. ఒక్క జల్లు పడితే ఊరి మొత్తం ఏడాది కష్టం కుళ్లిపోతుంది, అది తన నోటి వల్లే. అంకమ్మకు అన్నం సహించలేదు. ఆ పొద్దున్నే బీడు ముందు కొత్తగా నిలబెట్టిన బొమ్మ చూసింది. పెద్ద రేకు మీద రంగులతో అత్త నాంచారమ్మ, చంకలో మిరపకాయల గంప, ఎదురుగా తెల్లదొర. దొర అత్తకు సెల్యూటు కొడుతున్నాడు, అత్త నవ్వుతోంది. ముంజెయ్యి నున్నగా ఉంది. అంకమ్మ ఆ చేతిని చాలాసేపు చూసి, అత్త బతికుంటే చీపురు తిరగేసేదని అనుకుంది. ఆమెకు చాలా సిగ్గనిపించింది.

ఆ రోజే బస్సెక్కి పట్నంలో మండలి కార్యాలయానికి వెళ్లింది. చిదానందం గారు ఆమెను చూసి లేచి నిలబడి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. అంకమ్మ కాఫీ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. దొర పొయ్యమనలేదు, పోసినందుకు బెత్తంతో కొట్టాడు. మిగతాదంతా నేను కల్పించింది. నన్ను జైల్లో పెట్టుకోండి, ఊళ్లోవాళ్ల కాయ వదిలెయ్యండి.

చిదానందం గారు ఆమె వైపు జాలిగా చూశారు.

“అంకమ్మ గారూ, తమరు ఇప్పుడు చెబుతున్నది చరిత్రకు విరుద్ధంగా ఉంది,” అన్నారు. “వ్యూహాన్ని మండలి ఆమోదించింది, గెజిట్లో ప్రకటించింది, మంత్రివర్యులు సభలో ప్రస్తావించారు. ఈ దశలో తమ అత్తగారిని కొట్టించడానికి నాకు అధికారం లేదు.”

అంకమ్మకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే తలుపు మూస్తున్నాడు, అబద్ధం చెబితే కుర్చీ వేస్తున్నాడు. సరే, నీకు కావలసింది అదేనా అనుకుంది. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి, పైటతో మూతి తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

“ఒక మాట మరిచిపోయా సారూ. యుద్ధంలో కాయలకి డూటీ మార్చేవోళ్లంట.”

ఆయన కలం పట్టుకున్నారు.

ఎర్రగా ఉన్న కాయే శత్రువును మోసం చేస్తుంది, రంగు దిగింది పనికిరాదు కదా అంది అంకమ్మ. అందుకని పది రోజులు పని చేసిన కాయను ఎత్తేసి, కొత్త కాయను పోయించేవాళ్లంట. పాత కాయను రైతుకు మర్యాదగా ఇచ్చి పంపేవాళ్లంట. ఇప్పుడున్న కాయకు పది రోజులు ఎప్పుడో దాటాయి, పాపం ఇంకా నిలబడే ఉంది.

“పదవీ విరమణ!” అన్నారు చిదానందం గారు. ఆయనకే ఇంకో రెండేళ్లలో పదవీ విరమణ ఉంది. దీర్ఘకాలం సేవ చేసి, రంగు వెలిసి, ఎండలో పడి ఉన్న వాళ్లంటే ఆయనకు మనసు కరిగేది. ఆమె ముందే ఉత్తర్వు రాయించారు. సదరు మిరపకాయలు తమ విధులను అంకితభావంతో నిర్వర్తించినందున వాటిని గౌరవప్రదంగా విముక్తం చేయవలెను. ఖాళీలను తక్షణమే కొత్త నియామకాలతో భర్తీ చేయవలెను.

మర్నాడు పొద్దున్నే బీడు మీద వీడ్కోలు సభ జరిగింది. బాజాలు పెట్టించారు. ఊరివాళ్లు కాయను బస్తాలకెత్తుతుంటే చిదానందం గారు ఉపన్యాసమిచ్చారు. మొదటి బస్తాకు శాలువా కప్పారు. కాపలాదారులు వరసగా నిలబడి ట్రాక్టర్లకు సెల్యూటు కొట్టారు. ట్రాక్టర్లు యార్డు చేరి, బస్తాలు షెడ్డు కిందికి దిగాక కుండపోతగా వాన కురిసింది. రంగు కొంచెం దిగినా కాయ నిలిచింది, ఊరు ఊపిరి పీల్చుకుంది. టీకొట్టు దగ్గర పిచ్చయ్యకు పిలిచి టీ ఇచ్చారు.

కొత్త నియామకాలు కూడా అంకమ్మే చూసుకుంది. ఊళ్లో ప్రతి ఇంటి వెనకా తాలు ఉంటుంది. మచ్చ పడిన కాయ, పురుగు తిన్న కాయ, విరిగిన ముక్కలు, ఊడిన గింజలు, తొడిమలు, కల్లం చివర ఊడ్చిన ఎర్రటి పొడి. అదంతా తెచ్చి బీడు నిండా పరిచారు. నిపుణుడు మళ్లీ డ్రోను ఎగరేసి, ఈసారి శత్రువు పూర్తిగా మోసపోయాడని రాసిచ్చారు.

మంత్రిగారు వచ్చే రోజు దగ్గర పడింది. వాన తడి ఆరిపోయి, ఎండ మళ్లీ పెళపెళలాడింది. యుద్ధకాలంలో విమానాలు దిగిన చోటే మంత్రిగారి హెలికాప్టరు దిగాలని మండలి నిర్ణయించింది. ఆ మాట వినగానే అంకమ్మ చిదానందం గారి దగ్గరకు పరిగెత్తింది. ఎంతైనా కాఫీ ఇచ్చిన మనిషి. పైగా ఈసారి ఆమె చెప్పబోయేది పచ్చి నిజం.

“గాలి కొడితే ఘాటు లేస్తది సారూ. జనం తట్టుకోలేరు. ముందు ఊడ్పించండి.”

“యుద్ధకాలంలో లేచిందా?” అని అడిగారాయన.

అంకమ్మ ఒక్క క్షణం అత్తను తలచుకుంది. “లేచింది సారూ,” అంది.

“అయితే లేవవలెను,” అన్నారు చిదానందం గారు.

లేచింది. హెలికాప్టరు కిందికి దిగుతుంటే ముందు తొడిమలు ఎగిరాయి, తరవాత గింజలు, తరవాత మైలు పొడుగునా పరిచిన పొడి మొత్తం ఎర్రటి మబ్బుగా పైకి లేచింది. బాజాల వాళ్లు సన్నాయిలోకే తుమ్మారు. పోలీసులు టోపీలతో ముఖాలు కప్పుకున్నారు. మంత్రిగారు తలుపు తీసుకుని ఒక కాలు కింద పెట్టి, నమస్కారం పెట్టబోయి, రెండు చేతులతోనూ కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టారు. చిదానందం గారు దండ పట్టుకుని ఎదురు వెళ్లి, ఏమీ కనిపించక దాన్ని పైలటు మెడలో వేశారు. ఎవరికీ గొంతు పెగలకపోవడంతో ఉపన్యాసాలు జరగలేదు. అంకమ్మ తడిపైట ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి చూసింది. దొర్లుతున్న అధికారుల్ని, రేకు మీద నవ్వుతున్న అత్తనీ మార్చి మార్చి చూసేసరికి ఆమెకు నవ్వాగలేదు. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. అత్త చెప్పిన కథ ఇన్నాళ్లకు ఒక్కసారైనా ఉన్నదున్నట్టు జరిగింది.

సాయంత్రం టీవీలో ఆ దృశ్యం పదేపదే వేశారు. అమరవీరులను తలచుకుని కన్నీరుమున్నీరైన మంత్రివర్యులు, మాటలు రాక మౌనం పాటించిన అధికార యంత్రాంగం అన్నారు. ఈ జిల్లా యుద్ధం రాష్ట్రంలోకెల్లా ఉత్తమ యుద్ధంగా ఎంపికైంది. చిదానందం గారికి పదోన్నతి వచ్చింది.

మండలి మళ్లీ సమావేశమైంది. మంత్రిగారికి అంత ఉద్వేగం ఆరోగ్యానికి మంచిది కాదని వైద్యులు చెప్పడంతో రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, అసలు మిరపకాయల స్థానంలో ప్లాస్టిక్ మిరపకాయలు పరచాలి. పైనించి చూస్తే తేడా ఉండదు, రంగు దిగదు, పదవీ విరమణ అడగదు. యుద్ధకాలంలో ప్లాస్టిక్ లేదు కదా అని ఎవరో సందేహం లేవదీస్తే, యుద్ధం ఇంకొంతకాలం సాగి ఉంటే వచ్చేదే కదా అని సమాధానపరిచారు. చుట్టూ ఇనుపకంచె వేసి తాళం పెట్టారు. రెండు, మంత్రిగారు ఇకపై క్షేమంగా దిగడానికి కంచెకు ఆవల, అంకమ్మ అత్తగారి చేలో దొరలు కాంక్రీటు పరచకుండా వదిలేసిన మూలలో, కొత్త హెలిప్యాడు కట్టాలి. దాన్నీ పూర్వం బీడు కిందే లెక్కగట్టారు కాబట్టి ఎవరినీ అడగలేదు. నున్నగా, అద్దంలా కాంక్రీటు పరిచారు. మంత్రిగారు మళ్లీ రాలేదు.

మరుసటి ఏడు మొదటి కోత వచ్చింది. ఊరివాళ్లు కంచె దగ్గర నిలబడి, లోపల మైలు పొడుగునా మెరుస్తున్న ప్లాస్టిక్ కాయలను చూసి మండలిని తిట్టుకుంటున్నారు. ఎవడో అంకమ్మనూ తిట్టాడు. ఆమె పట్టించుకోలేదు. గంప నెత్తిన పెట్టుకుని కంచె పక్కగా నడిచి, కొత్త హెలిప్యాడు మీదికెక్కి, అరికాలితో నేల వేడి చూసుకుంది. గంప దించి కాయ పోసి, చేత్తో పలచగా నెరిపింది. ఆ మధ్యాహ్నానికి ఊరంతా వచ్చి తలా కొంత చోటు పంచుకున్నారు.

నాలుగో రోజున జీపు వచ్చింది. చిదానందం గారి స్థానంలో కొత్తగా వచ్చిన ఆఫీసరు, చురుకైన మనిషి, చేతిలో బెత్తంలాంటి కొలబద్ద పట్టుకుని దిగాడు. ఎర్రటి హెలిప్యాడును చూసి ముందు కోపం తెచ్చుకోబోయాడు గాని, అంతలో కళ్లలో ఆ వెలుగే వచ్చింది. కూర్చుని కాయ తిరగేస్తున్న అంకమ్మ దగ్గరకు వచ్చి చాలా మర్యాదగా అడిగాడు.

“అమ్మా, ఇక్కడ ఇలా పరచడం వెనక చరిత్ర ఏమన్నా ఉందా?”

పిచ్చయ్య భుజం మీద తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అంకమ్మ నోటి వైపే చూశారు. ఆమె తలెత్తి, కంచెకు అవతల రేకు మీద నున్నటి చేతితో నవ్వుతున్న అత్తను ఒకసారి చూసింది. తరవాత మళ్లీ కాయ తిరగెయ్యడంలో పడింది.

“చరిత్రేం లేదు సారూ,” అంది. “ఈడ ఎండ ఉంది.”